సింగపూర్ పార్కులు: ఊరు ఎక్కడ ఆగి అడవి ఎక్కడ మొదలవుతుంది?

సింగపూర్ టూర్ ప్యాకేజీల్లో పార్కులకి ఇచ్చే టైమ్ మహా అయితే ఒక సాయంత్రం. లైట్ల షో చూపించి, ఫొటోలు దిగనిచ్చి బస్సెక్కించేస్తారు. మేం ప్యాకేజీ లేకుండా, కేవలం పార్కులూ కాలవలూ చెట్ల మధ్య వంతెనలూ చూడటానికే వెళ్ళాం. నాతో మా ఆవిడ, మా అత్తగారు. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. అయినా కొత్త చెట్టు కనిపిస్తే దగ్గరికెళ్ళి ఆకు తిప్పి చూడందే కదలరు.

అందుకని ప్రతిచోటా నేను ముందు చూసింది ఒకటే. మెట్రో దిగిన చోటి నుంచి చెట్టు నీడదాకా దారి ఎలా ఉంది? రోడ్డు దాటడానికి తిప్పలు పడాలా, మెట్లెక్కాలా, కంచె అడ్డొస్తుందా? లోపల ఎంత అందంగా ఉన్నా, ఊరికీ పార్కుకీ మధ్య అతుకు సరిగ్గా లేకపోతే అది సెలవు రోజున చూసొచ్చే చోటుగానే మిగిలిపోతుంది. నా మార్కులన్నీ ఆ అతుకుకే.

అన్నిటికన్నా పైన బిషాన్. పూర్తి పేరు బిషాన్-ఆంగ్ మో కియో పార్క్, 62 హెక్టార్లు. ఇందులోంచి కల్లాంగ్ నది పారుతుంది. నది అనడం ఇప్పటి మాట. అంతకు ముందు అది పార్కు పక్కన 2.7 కిలోమీటర్ల పొడవున తిన్నగా కట్టిన కాంక్రీటు కాలవ. వాన నీళ్ళు ఎంత తొందరగా దిగువకి పోతే అంత మంచిది, దాని పని అంతవరకే. 2006లో అక్కడి జల సంస్థ పి.యు.బి. 'యాక్టివ్, బ్యూటిఫుల్, క్లీన్ వాటర్స్' పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద ఈ కాలవ గోడలు పగలగొట్టారు. 2012లో పార్కు మళ్ళీ తెరిచేసరికి అదే నీరు మెలికలు తిరుగుతూ 3.2 కిలోమీటర్లు నడుస్తోంది. డిజైన్ జర్మనీకి చెందిన ఆటెలియర్ డ్రైజైటిల్ వాళ్ళది.

గోడ తీసేస్తే ఒడ్డు కోసుకుపోదా అని నాకు మొదటి నుంచీ అనుమానం. దగ్గరికెళ్ళి చూస్తే తెలిసింది. రాళ్ళూ, మట్టిని పట్టి ఉంచే పొరలూ, వేళ్ళు లోతుగా దిగే మొక్కలూ కలిపి ఒడ్డు కట్టారు. మొక్క ముదిరేకొద్దీ ఒడ్డు బిగుస్తుంది. పార్కంతా చెయ్యడానికి ముందు ఇక్కడే ఒక చిన్న కాలవ మీద రకరకాల పద్ధతులు వేసి, ఏది నిలబడుతుందో చూసుకున్నారట. పగలగొట్టిన కాంక్రీటు ముక్కల్ని కూడా పారెయ్యలేదు. వాటితో ఒక చిన్న గుట్ట చేసి 'రీసైకిల్ హిల్' అని పేరు పెట్టారు. దాని మీద నుంచి నది వంపులు బాగా కనిపిస్తాయి.

నదికి కంచె లేదు. పచ్చిక మీంచి నడుచుకుంటూ వెళ్ళి నీళ్ళలో కాళ్ళు పెట్టొచ్చు. పిల్లలు చిన్న వలలు పట్టుకుని చేపల కోసం వెతుకుతున్నారు. అత్తగారు కాసేపు చూసి అడిగారు, "వాన గట్టిగా పడితే ఈ పచ్చికంతా మునగదూ బాబూ?" అని.

"మునగడానికే వదిలారండీ," అన్నాను.

అసలు కిటుకు అక్కడే ఉంది. కాలవగా ఉన్నప్పుడు వెడల్పు ఎక్కువలో ఎక్కువ 24 మీటర్లు. ఇప్పుడు పెద్ద వాన పడితే నీరు దాదాపు 100 మీటర్ల వరకు పరుచుకోవచ్చు. ఎండగా ఉన్నప్పుడు ఆ చోటు జనానిది, వరదొస్తే నదిది. ఒకే నేలని వంతులవారీగా వాడుకుంటున్నారు. నీటిమట్టం పెరిగితే సైరన్ మోగి, హెచ్చరిక లైట్లు వెలిగి, మైకులో చెబుతారు. మేమున్నప్పుడు మబ్బు బాగా కమ్ముకుంది. సైరన్ దాకా రాలేదు గానీ, ఉన్నవాళ్ళంతా ఏ కంగారూ లేకుండా గట్టెక్కేశారు. అలవాటైపోయినట్టుంది.

ఇక్కడ నీళ్ళాట స్థలంలో వాడే నీరు చెరువులోంచి తోడిందే. మెట్లు మెట్లుగా ఉన్న మొక్కల మడుల్లోంచి పంపి శుభ్రం చేస్తారు. నీటికుక్కల గురించి చాలా విన్నాం. బిషాన్ పేరుతోనే ఒక కుటుంబం ఊరంతా ప్రసిద్ధి. మాకు మాత్రం కనపడలేదు, కొంగలతో సరిపెట్టుకున్నాం. సదుపాయాలకి వంక పెట్టలేను. టాయిలెట్లు శుభ్రం, బెంచీలు కావలసినన్ని, పక్కనున్న అపార్టుమెంట్ల వాళ్ళు కూరగాయల సంచులతో పార్కులోంచే ఇంటికి పోతున్నారు. ఒక్కటే ఇబ్బంది, నది పక్కన పచ్చిక బయళ్ళలో మధ్యాహ్నం నీడ తక్కువ. పొద్దున్నే వెళ్ళండి, లేదా సాయంత్రం గొడుగుతో వెళ్ళండి.

గార్డెన్స్ బై ద బే గురించి అందరూ చెప్పేదే కాబట్టి పొడుగ్గా రాయను. 2012లోనే తెరిచారు. 25 నుంచి 50 మీటర్ల ఎత్తున 18 సూపర్ ట్రీలు, అంటే చెట్ల ఆకారంలో కట్టిన గోపురాల్లాంటివి. రాత్రి 7.45కీ, 8.45కీ లైట్లూ పాటలూ. బయటి తోటలు ఉచితం, గాజు మందిరాలకీ సూపర్ ట్రీల మధ్య వంతెనకీ టికెట్లు. క్లౌడ్ ఫారెస్ట్ అనే గాజు మందిరంలో అంత ఎత్తు నుంచి జలపాతం పడుతుంటే మా ఆవిడ ఫోన్ దించలేదు. బాగుంది, కాదనను. పెద్దవాళ్ళకి ఇంతకన్నా సుఖమైన చోటు ఆ ఊళ్ళో లేదేమో. లోపల చల్లగా ఉంటుంది, లిఫ్టులున్నాయి, లోపల తిరగడానికి డబ్బులిస్తే బండి ఉంది. కానీ ఇది పెళ్ళిపందిరి లాంటి అందం. మొక్కలన్నీ ఎవరో తెచ్చి అమర్చినట్టే ఉంటాయి. వారాంతం సాయంత్రం అయితే మొక్కల కన్నా మనుషులే ఎక్కువ కనిపిస్తారు.

నాకు నచ్చింది ఎవరూ ఫొటో తియ్యని భాగం. డ్రాగన్‌ఫ్లై లేక్, కింగ్‌ఫిషర్ లేక్ అని రెండు చెరువులున్నాయి. తోట మీద పడి జారిన వాన నీరు వీటిలోని నీటి మొక్కల మధ్య వడకట్టుకుని మెరీనా రిజర్వాయర్‌లోకి వెళ్తుంది. అక్కణ్ణుంచి నడుచుకుంటూ మెరీనా బ్యారేజ్‌కి వెళ్ళాం. 2008లో సముద్రానికి అడ్డంగా కట్టిన ఆనకట్ట ఇది. పైకప్పంతా పచ్చిక, జనం గాలిపటాలు ఎగరేస్తున్నారు. ఈ రిజర్వాయర్‌లోకి సింగపూర్ భూమిలో ఆరో వంతు నుంచి వాన నీరు చేరుతుంది. కల్లాంగ్ నది కూడా చివరికి కలిసేది ఇందులోనే. అంటే బిషాన్‌లో పిల్లలు కాళ్ళు పెట్టిన నీరే ఇక్కడికొచ్చి, శుద్ధి అయ్యాక కుళాయిల్లోకి పోతుంది. నదిని కేవలం అందం కోసం బాగు చేశారనుకుంటే పొరపాటే. తాగేది ఆ నీళ్ళే కాబట్టి కాలవలో చెత్త వెయ్యకుండా జనాన్ని దాని దగ్గరికి తీసుకొచ్చారు. రెండు చోట్లూ చూడాలనుకుంటే ముందు బిషాన్, తర్వాత బ్యారేజ్ పెట్టుకోండి. ఎగువ నుంచి దిగువకి కథ అర్థమవుతుంది.

సదరన్ రిడ్జెస్ నా లెక్కలో రెండోది. ఫేబర్ కొండ, తెలోక్ బ్లాంగా కొండ, కెంట్ రిడ్జ్ వగైరాలని కలుపుతూ 10 కిలోమీటర్ల నడకదారి. కొండల మధ్య రోడ్లు పోవడంతో ముక్కలు ముక్కలుగా ఉన్న పచ్చదనాన్ని వంతెనలతో కుట్టారు. వాటిలో హెండర్సన్ వేవ్స్ గొప్పది. 274 మీటర్ల పొడవు, కింద రోడ్డు నుంచి 36 మీటర్ల ఎత్తు. కర్ర పలకలు అలల్లా లేచి పడుతుంటాయి. అల పైకి లేచి వంగిన చోట నీడలో కూర్చోవచ్చు. కింద బస్‌స్టాప్‌లో దిగితే బోలెడన్ని మెట్లు, కాబట్టి టాక్సీలో ఫేబర్ కొండ మీదికి వెళ్ళి అటు నుంచి వచ్చాం. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇదే దారి.

దాని తర్వాత ఫారెస్ట్ వాక్. 1.3 కిలోమీటర్ల ఇనుప బాట, చెట్ల కొమ్మల ఎత్తులో పోతుంది. వాలు ఎంత తక్కువంటే చక్రాల కుర్చీలో కూడా తీసుకెళ్ళొచ్చు. అయితే ఆ వాలు కోసం బాటని అటూ ఇటూ తిప్పి తిప్పి వేశారు. కుర్రాళ్ళకి విసుగ్గా అనిపించొచ్చు. నేల జాలీలాగా ఉండి కింద అడవి కనిపిస్తుంది. ఎత్తంటే భయం ఉన్నవాళ్ళు ముందే తెలుసుకోండి. అత్తగారు మాత్రం రెండు చేతులూ కటకటాల మీద వేసి, చెట్ల తలలు నేరుగా చూస్తూ హాయిగా నడిచారు. కింది నుంచి ట్రాఫిక్ మోత మాత్రం చాలాచోట్ల వినిపిస్తూనే ఉంటుంది. అడవిలో ఉన్నామన్న భ్రమ అక్కర్లేదు, ఊరి నెత్తి మీద ఉన్నాం.

రైల్ కారిడార్‌కి నేనూ మా ఆవిడే వెళ్ళాం. మలేసియా రైల్వే నడిపిన పాత లైను ఇది, ఊరికి అడ్డంగా 24 కిలోమీటర్లు. తాంజాంగ్ పగార్ స్టేషన్ నుంచి ఆఖరి రైలు 2011 జూన్ 30న వెళ్ళింది. పక్కనే ఉన్న మలేసియా రాష్ట్రం జొహోర్ సుల్తాన్ దాన్ని స్వయంగా నడిపారు. అంత విలువైన స్థలంలో ఫ్లాట్లు కట్టడం ఎంతసేపు? కానీ ప్రకృతి పరిరక్షణ కోసం పనిచేసే నేచర్ సొసైటీ వాళ్ళు దీన్ని పచ్చని బాటగా ఉంచాలని అంతకు ముందు ఏడాదే ప్రతిపాదించారు. అదే నిలిచింది. కింగ్ ఆల్బర్ట్ పార్క్ మెట్రోలో దిగి హిల్‌వ్యూ వైపు నడిస్తే పాత ఇనుప వంతెనలు రెండూ, బుకిత్ తిమా పాత స్టేషనూ తగులుతాయి. స్టేషన్‌ని బాగుచేసి 2022లో తెరిచారు. ఇక్కడ డిజైన్ చేసినవాళ్ళ గొప్పతనం, చెయ్యకుండా వదిలెయ్యడంలో ఉంది. దారి సన్నం, పక్కన గడ్డి ఇష్టమొచ్చినట్టు పెరిగింది. టాయిలెట్లూ మంచినీళ్ళూ మాత్రం దూరదూరంగా ఉన్నాయి, కొన్ని చోట్ల నీడ బొత్తిగా లేదు. పెద్దవాళ్ళతో వద్దు.

మాక్‌రిచీ రిజర్వాయర్ దగ్గర ట్రీటాప్ వాక్ ఉంది. 250 మీటర్ల వేలాడే వంతెన, అడవి నేల నుంచి 25 మీటర్ల దాకా ఎత్తు, ఒకవైపే నడవాలి. అయితే అక్కడిదాకా అడవిలో చాలా దూరం నడవాలి. సోమవారాలు మూసి ఉంటుంది, మరమ్మతుల కోసం కూడా అప్పుడప్పుడు మూస్తారు, వెళ్ళే ముందు నేషనల్ పార్క్స్ బోర్డు వెబ్‌సైట్ చూసుకోండి. కోతులున్నాయి. చేతిలో ప్లాస్టిక్ సంచి కనిపిస్తే వదలవు, వాటికి తిండి పెడితే జరిమానా. అత్తగారు నీటి పక్కన చెక్క బాట మీద కూర్చుని మాకోసం ఎదురుచూశారు. మాకన్నా ఎక్కువ పక్షుల్ని ఆవిడే చూశారు.

వెళ్ళలేని చోటు గురించి కూడా రెండు ముక్కలు. బుకిత్ తిమా అడవినీ సెంట్రల్ క్యాచ్‌మెంట్ అడవినీ 1986లో ఒక ఎక్స్‌ప్రెస్‌వే రెండుగా చీల్చింది. 2013లో దాని మీద 62 మీటర్ల పొడవున మట్టి పోసి, చెట్లు నాటి, జంతువుల కోసం వంతెన కట్టారు. పేరు ఎకో-లింక్. సన్నగా ఉన్న చోట కూడా 50 మీటర్ల వెడల్పు. మనుషులకి ప్రవేశం లేదు. కింద రోడ్డు మీద బండిలో పోతూ ఒక్క క్షణం చూడొచ్చు, అంతే. టూరిస్టుగా నాకు నిరాశే. కానీ అలుగులూ పునుగుపిల్లులూ దాటాల్సిన చోట మేం సెల్ఫీలు దిగితే అవి దాటవు కదా. అతుకు ఎవరి కోసమో తేల్చుకుని కట్టిన చోటు ఇది.

బొటానిక్ గార్డెన్స్ 1859 నాటిది, 2015లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ప్రవేశం ఉచితం, ఆర్కిడ్ తోటకి మాత్రం టికెట్. మెట్రో గేటు దాటగానే తోట గేటు. అతుకు విషయంలో నూటికి నూరు మార్కులు. ఐదు డాలర్ల నోటు మీద ఉన్న తెంబుసు చెట్టు ఇక్కడిదే. అత్తగారు నోటు తీయించి, కొమ్మతో సరిపోల్చి చూసి గానీ ఒప్పుకోలేదు.

బస సంగతి. మొదట తక్కువలో దొరికిన ఒక చిన్న హోటల్‌లో దిగాం, పేరు వద్దు. గదికి కిటికీ లేదు. బుక్ చేసేటప్పుడు ఫొటోలో ఉన్న తెర వెనకాల గోడే ఉంది! పగలంతా చెట్లు చూసి రాత్రి పెట్టెలో పడుకోవడం ఏం న్యాయం? సింగపూర్ చవక హోటళ్ళలో ఇది మామూలే, 'విండో' అని రాసి ఉందో లేదో చూసి బుక్ చెయ్యండి. తర్వాత కొంచెం ఎక్కువ పెట్టి కిటికీ ఉన్న గదికి మారాం.

అప్పర్ పిక్కరింగ్ స్ట్రీట్‌లో పార్క్‌రాయల్ హోటల్ ఉంది. వోహా సంస్థ డిజైన్, 2013లో తెరిచారు. తన స్థలానికి రెట్టింపు కన్నా ఎక్కువ, 15,000 చదరపు మీటర్ల పచ్చదనం గోడల మీదా అంతస్తుల మధ్యా ఉంది. మా బడ్జెట్‌కి అందదు. ఎదురుగా హాంగ్ లిమ్ పార్కులో కూర్చుని ఊరికే చూడొచ్చు. కింది పార్కు చెట్లు రోడ్డు దాటి మేడెక్కినట్టుంటుంది. రోడ్డు మీద నడిచేవాడికి కూడా వాటా ఇచ్చిన హోటల్ అది.

తిరగడానికి టెన్షన్ లేదు. మెట్రోలోనూ బస్సులోనూ మన కాంటాక్ట్‌లెస్ కార్డు నేరుగా తాకిస్తే చాలు, విదేశీ కార్డుకి చిన్న అదనపు చార్జీ పడుతుంది. స్టేషన్ నుంచి బస్‌స్టాప్‌కీ, అపార్టుమెంట్లకీ పైకప్పున్న నడకదారులు ఉంటాయి కాబట్టి వానలో కూడా సగం దూరం తడవకుండా పోవచ్చు. పిడుగుల వాన మాత్రం తమాషా కాదు. ఉరుము వినిపిస్తే వంతెనల మీద నుంచి దిగిపోండి.

ఒక్క పూటే ఉంటే బిషాన్ వెళ్ళండి, లైట్ల షో వదిలేసినా నష్టం లేదు. రోజంతా ఉంటే పొద్దున బొటానిక్ గార్డెన్స్, ఎండ ముదిరాక గాజు మందిరాలు, సాయంత్రం ఫేబర్ కొండ మీంచి హెండర్సన్ వేవ్స్. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉన్నా ఈ వరస నడుస్తుంది, మధ్యలో ఒక టాక్సీకి డబ్బులు పక్కన పెట్టుకుంటే చాలు.