మూడేళ్లుగా వాడుతున్న టార్క్ డ్రైవర్: నా .22 రైఫిల్ దగ్గర నిజంగా పనికొచ్చింది ఇదే

రైఫిల్ సొంతంగా బిగించుకున్నానని చెబితే బారెల్ ఏది వేశావు, ట్రిగ్గర్ ఏది వేశావు అనే అడుగుతారు అందరూ. మూడేళ్లు వాడాక నాకు చెప్పాలనిపించేది మాత్రం అన్నిటికన్నా ఆఖర్న, గొణుక్కుంటూ అరవై డాలర్లు పోసి కొన్న బిగింపు (టార్క్) ఎంతో కొలిచే ఒక స్క్రూడ్రైవర్ గురించి.

మేముండేది డాలస్ పక్కన. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చాకే ఈ సరదా మొదలుపెట్టాను. వీసా మీద ఉన్నవాళ్లు ఇటు చూసే ముందు చట్టం ఒకసారి చదువుకోండి, చాలామందికి తుపాకీ దగ్గర పెట్టుకునే వీల్లేదు. నేను ఎంచుకున్నది రూగర్ 10/22. 1964 నుంచి వస్తున్న మోడల్, విడిభాగాలు కుప్పలుగా దొరుకుతాయి. బారెల్ (గొట్టం) రిసీవర్‌లోకి, అంటే తుపాకీ యంత్రం ఉండే పెట్టెలోకి, తిప్పి బిగించేది కాదు, రెండు అలెన్ స్క్రూలూ (తలలో ఆరుపలకల గుంత ఉండేవి) ఒక వీ ఆకారపు దిమ్మతో పట్టుకుని ఉంటుంది. కాబట్టి బెంచ్ వైస్ అక్కర్లేదు, పెద్ద రెంచీలు అక్కర్లేదు. నేనూ 0.920 అంగుళాల లావు బారెల్, దానికి సరిపోయే వాల్‌నట్ స్టాక్ (రైఫిల్ కూర్చునే, భుజానికి ఆనించే చెక్క భాగం) కొని, ఇంట్లో ఉన్న సామాన్లతోనే కూర్చున్నాను.

అక్కడే బుద్ధి గడ్డి తిన్నది. నా పెట్టెలో ఉన్నవి ఇండియా నుంచి తెచ్చుకున్న మిల్లీమీటర్ అలెన్ కీలు. స్కోప్‌ని (గురి చూసే దుర్బిణిని) పట్టుకునే రింగ్ స్క్రూకి కావలసింది 1/8 అంగుళం, అంటే దాదాపు 3.18 మిల్లీమీటర్లు. 3 మిల్లీమీటర్ కీ దూరింది, కాస్త లూజుగా ఉన్నా తిరిగింది, చివరి పట్టులో గరగరమని స్క్రూ తల గుండ్రంగా అరిగిపోయింది. అదే రోజు సాయంత్రం మామూలు స్క్రూడ్రైవర్ గాడిలోంచి జారి కొత్త స్టాక్ మీద వేలెడు గీత పెట్టింది. ఆ గీత ఇప్పటికీ ఉంది.

అసలు కష్టం తర్వాత వచ్చింది. మొదటి నెల 50 గజాల దూరంలో ఐదు గుళ్ల రంధ్రాలూ పావు డాలర్ బిళ్ల కింద దాక్కునేవి. జులైకల్లా మూడు ఒకచోట, రెండు ఇంకోచోట. తూటాలు మార్చాను, నాలుగు రకాలు. స్కోప్ మార్చాను. చివరికి బారెల్ అమ్మినవాళ్లకి కోపంగా మెయిల్ రాశాను. వాళ్లు మర్యాదగా ఒకటే అడిగారు: రైఫిల్‌ని స్టాక్‌కి పట్టి ఉంచే స్క్రూ ఎంత బిగించారు? "గట్టిగా" అని జవాబిచ్చాను. "గట్టిగా అంటే ఎంత?" అని మళ్లీ మెయిల్. నా దగ్గర సమాధానం లేదు.

అలా కొన్నాను ఈ డ్రైవర్. పిడి తిప్పి అంకె పెట్టుకుంటే, అంత బిగింపు రాగానే టక్‌మంటుంది. కారు చక్రాలకు వాడే రెంచీలో ఉండేవి ఫుట్ పౌండ్లు, ఇందులో ఉండేవి ఇంచ్ పౌండ్లు, అందులో పన్నెండో వంతు. రైఫిల్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, స్టాక్ స్క్రూని 10 దగ్గర బిగించి షూటింగ్ రేంజ్‌లో ఐదు కాల్చాను. తర్వాత 15, 18, 22. నా చెక్కకి 18 దగ్గర మళ్లీ బిళ్ల కిందికి వచ్చేశాయి. 22 దగ్గర మళ్లీ చెదిరాయి. ఆ రోజు రేంజ్‌లో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. వేరే స్టాక్‌కి ఈ అంకె పనికిరాకపోవచ్చు. చలికాలం హీటర్ వేడికి చెక్క ఆరి కుంచించుకుపోయి, అదే 18కి పెట్టి చూస్తే టక్‌మనే ముందు స్క్రూ ఇంకాస్త తిరిగింది. అంటే జులైలో నన్ను ఏడిపించింది బారెల్ కాదు, గరాజ్ ఉక్కలో ఉబ్బిన వాల్‌నట్టూ, దాన్ని కొలత లేకుండా నొక్కేసిన నా చెయ్యీ.

డ్రైవర్‌తో వచ్చిన బిట్లు ఇంకో సంతోషం. గాడి స్క్రూలకు వాడేవి కొసకు సన్నబడకుండా సమంగా ఉంటాయి, గాడి నిండా కూర్చుంటాయి. ఇవి మొదటే ఉంటే ఆ గీత పడేది కాదు.

ఇంత పొగిడాను కదా, మొదట్లో అందరికీ "కళ్లు మూసుకుని కొనండి" అనేవాణ్ణి. ఇప్పుడు అనను. 10 కంటే తక్కువలో దీన్ని నమ్మలేం, టక్ ఎప్పుడొచ్చిందో తెలియదు. ఏడాదిన్నరకి ఒక మిత్రుడి డిజిటల్ డ్రైవర్‌తో పోల్చి చూస్తే నాది 18 అన్నచోట అది 16 చూపించింది. ప్రతిసారీ అంతే తేడా కాబట్టి నా పని నడిచిపోతోంది. తప్పు కొంత నాదే, లోపలి స్ప్రింగ్ మీద ఒత్తిడి లేకుండా ఉండడానికి వాడాక అంకెను అడుగుకి తిప్పి పెట్టాలి, నేను చాలాసార్లు మర్చిపోయాను. మరలకు నీలం రంగు లాక్ ద్రవం (స్క్రూ వదులవ్వకుండా పూసేది) పూస్తే అది కందెనలా పనిచేసి అదే అంకెకి స్క్రూ ఎక్కువ బిగుస్తుందన్నది కూడా ఆలస్యంగా తెలిసింది.

మా నాన్నగారికి తెనాలిలో మోటార్ వైండింగ్ షాపు ఉండేది. ఫోన్లో ఈ సంగతి చెబితే "బిగింపు కొలవడానికి అయిదు వేలా!" అని చాలాసేపు నవ్వారు. ఆయన చేతికి అది అక్కర్లేదు నిజమే, ఆ చెయ్యి నాకు రాలేదు. నెలకు రెండు శనివారాలు రేంజ్‌కి వెళ్లే, కీబోర్డ్ తప్ప మరోటి పట్టుకోని నాలాంటి వాడికైతే ట్రిగ్గర్ కన్నా ముందు ఇదే కొనమంటాను. మెకానిక్ పని వచ్చినవాళ్ల సంగతి నేను చెప్పలేను.

ప్రస్తుతం అది నా దగ్గర లేదు. స్కోప్ బిగించుకుంటానని ఒక స్నేహితుడు తీసుకెళ్లి నెలన్నర అయింది. అంకె ఎంత మీద వదిలేశాడో అడగాలంటే భయంగా ఉంది.