ఇంగ్లీష్ మాటకు అర్థం ఎందులో చూడాలి: ఏది మేలు?

హనుమకొండ హాస్టళ్లలో ఉండి కానిస్టేబుల్‌కో గ్రూప్స్‌కో చదివేవాళ్లలో పరకాల, ములుగు, నర్సంపేట వైపు నుంచి తెలుగు మీడియంలో వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు. ఇంగ్లీష్ అంటే వాళ్లకు టెన్షన్. ఏ డిక్షనరీ కొనాలి? ఇంగ్లీష్-తెలుగా, ఇంగ్లీష్-ఇంగ్లీషా? ఫోన్ ఉంటే సరిపోదా?

'రన్' అనే మాట పట్టుకుని చూద్దాం. చిన్న ఇంగ్లీష్-తెలుగు డిక్షనరీలో 'పరుగెత్తు' అని ఉంటుంది. తప్పేం కాదు. కానీ కాజీపేట మీదుగా రైళ్లు 'నడుస్తాయి', కిరాణా షాపు 'నడుపుతాం', జలుబు చేస్తే ముక్కు 'కారుతుంది', ఉతికితే చీర రంగు 'పోతుంది'. ఇంగ్లీషులో వీటన్నిటికీ రన్ చాలు. పక్కన 'అవుట్' చేరిందా, గ్యాస్ అయిపోయినట్టే. ఎన్నికల సంగతి ఇంకా తమాషా: అమెరికాలో రన్ అంటారు, బ్రిటన్‌లో స్టాండ్ అంటారు. మన దగ్గరా నిలబడటమే కదా! ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు వాళ్లు ఒక్క క్రియగానే దీనికి 645 అర్థాలు తేల్చారు.

అందుకే క్రియల దగ్గర నా ఓటు ఇంగ్లీష్-ఇంగ్లీష్‌కే. అయితే ఆ పెద్ద నిఘంటువు కాదు, నేర్చుకునేవాళ్ల కోసం రాసినది కొనాలి. జపాన్‌లో ఇంగ్లీష్ చెప్పిన హార్న్‌బీ ఇలాంటిది 1942లో అక్కడే తెచ్చాడు. ఇప్పటి ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలం అదే. 1978లో వచ్చిన లాంగ్‌మన్ వాళ్లది ఇంకో అడుగు ముందుకు వేసి, అర్థాలన్నీ సుమారు 2,000 తేలిక మాటల్లోనే చెప్పింది. మాట వెనక ఏ ప్రిపోజిషన్ వస్తుందో ఉదాహరణ వాక్యంలో కనిపిస్తుంది. పరీక్షలో అడిగేది కూడా ఎక్కువగా అదే.

వస్తువుల పేర్లకు మాత్రం ఇది సుత్తి. 'టర్మరిక్' అని వెతికితే అల్లం జాతి మొక్క, దాని దుంప, దాన్నుంచి తీసే పచ్చని పొడి అంటూ చదువుకుంటూ పోవాలి. ఏనుమాముల మార్కెట్‌కు పసుపు తోలే రైతు కొడుకుకు అదంతా ఎందుకు? 'పసుపు' అంటే అయిపోయె!

ఫోన్‌లో ఉచ్చారణ వినొచ్చు. అది ఏ పుస్తకమూ ఇవ్వలేనిది. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి 2011లోనే తెలుగు వచ్చింది. అందులో ఒంటరి మాట కన్నా మొత్తం వాక్యం ఇస్తేనే అర్థం సరిగ్గా వచ్చే అవకాశం ఎక్కువ. కాకపోతే అర్థం కోసమని తెరిచిన ఫోన్ రీల్స్ దగ్గర తేలుతుంది, మన పిల్లల సంగతి తెలిసిందే.

ఒక్కదానికే డబ్బులుంటే ఇంగ్లీష్-ఇంగ్లీష్-తెలుగు తీసుకోండి. షాపులోనే 'టేక్' పేజీ తెరవండి. ఉదాహరణ వాక్యాలు లేకుండా రెండు లైన్లతో సరిపెట్టి ఉంటే, తిరిగి ర్యాకులో పెట్టేయండి.