బరువు మోసే బండికి ఏ లిఫ్ట్ మేలు: స్పేసరా, గట్టి స్ప్రింగులా, ఎయిర్ బ్యాగులా?

బండిని మామూలు కంటే ఎత్తుకు లేపే లిఫ్ట్ గురించి అడిగేవాళ్ళు ముందుగా అడిగేది ఎన్ని అంగుళాలు లేపొచ్చు అని. స్టీల్ బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), రూఫ్ టెంట్, వెనక డ్రాయర్లు బిగించిన బండికి ఆ ప్రశ్న తర్వాత వేసుకోవచ్చు. బండి మీద ఎప్పుడూ ఉండే అదనపు బరువెంత, అది ఏ యాక్సిల్ (ఇరుసు) మీద పడుతోంది అన్నది ముందు తేలాలి.

ఒక లెక్క చూడండి. బంపర్, వించ్ కలిసి 100 కిలోలు, ముందు యాక్సిల్‌కు 80 సెంటీమీటర్లు ముందుకు ఉన్నాయి, వీల్‌బేస్ (రెండు యాక్సిళ్ళ మధ్య దూరం) 280 సెంటీమీటర్లు అనుకుందాం. అప్పుడు ముందు యాక్సిల్ మీద పెరిగే బరువు 100 కాదు, దాదాపు 129 కిలోలు. వెనక యాక్సిల్ మీద 29 కిలోలు తగ్గుతాయి. ముందు స్ప్రింగులు ఒక్కో చక్రం దగ్గర మిల్లీమీటరుకు 3 కిలోల లెక్కన కుంగేవైతే, బండి ముందుభాగం రెండు సెంటీమీటర్లకు పైగా దిగుతుంది.

స్పేసర్ అంటే స్ప్రింగ్ పైనో కిందో పెట్టే గట్టి దిమ్మ. అది వేస్తే ఆ రెండు సెంటీమీటర్లూ తిరిగొస్తాయి, ఖర్చు కూడా తక్కువే. కానీ స్ప్రింగ్ పాతదే, దాని గట్టిదనమూ పాతదే. ఎత్తు మడమల చెప్పులు వేసుకున్న మనిషికి మోసే బలం రానట్టే ఇదీ. స్ట్రట్ (స్ప్రింగ్, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన పెట్టే స్పేసర్‌తో ఇంకో చిక్కుంది. బరువుకు స్ట్రట్ లోపల అప్పటికే కుంగిన మేర అలాగే ఉంటుంది. బయటికి బండి ఎత్తుగా కనిపిస్తుంది గానీ, పెద్ద గుంతలో పడ్డప్పుడు స్ట్రట్‌కు కదలడానికి మిగిలిన చోటు తక్కువ. చక్రం వేలాడినప్పుడేమో కంపెనీ అనుకున్నదానికంటే కిందికి దిగి, చక్రాన్ని తిప్పే షాఫ్ట్‌కుండే సీవీ జాయింట్లనూ, చక్రాన్ని పట్టుకునే బాల్ జాయింట్లనూ వంకర కోణంలోకి లాగుతుంది. అదనపు బరువేమీ లేని బండికి కాస్త ఎత్తు కావాలంటే చిన్న స్పేసర్ సరిపోతుంది. వించ్ మోసే బండికి నేనైతే వద్దంటాను.

బాడీ లిఫ్ట్ ఈ పోటీలోకే రాదు. అది బాడీని ఛాసిస్ మీంచి పైకి లేపి పెద్ద టైర్లకు చోటిస్తుంది, అంతే. స్ప్రింగుల మీద బరువు ఇసుమంత కూడా తగ్గదు.

గట్టి స్ప్రింగులు, వాటికి జతగా తయారైన షాక్ అబ్జార్బర్లు కలిపి వేయించుకోవడం అసలైన దారి. ఓల్డ్ మ్యాన్ ఎము, డాబిన్సన్స్ లాంటి కంపెనీలు ఒకే బండికి వేర్వేరు బరువుల కోసం వేర్వేరు స్ప్రింగులు అమ్ముతాయి. అందుకే బరువు కచ్చితంగా తెలియాలి. 'ముందు ముందు ఇంకా ఏవో బిగిస్తానులే' అని ఒక మెట్టు ఎక్కువది కొనడం చాలామంది చేసే పొరపాటు. ఆ బరువు ఎక్కేదాకా బండి అవసరానికి మించి ఎత్తుగా నిలబడుతుంది, రాళ్ళ దారిలో ఎగిరెగిరి పడుతుంది, చక్రం కిందికి చాచుకునే మేర తగ్గి నేలను వదిలేస్తుంది. షాక్స్ మాత్రం పాతవి ఉంచేద్దాం అనుకోవద్దు. గట్టి స్ప్రింగ్ తిరిగి విచ్చుకునే ఊపును పాత షాక్ ఆపలేదు, బండి ఊగుతూనే ఉంటుంది. లేపిన ఎత్తుకు తగ్గ పొడవు కూడా దానికి ఉండదు.

మరి ఎయిర్ బ్యాగులు, అంటే స్ప్రింగులకు తోడుగా పెట్టే గాలి సంచులు? వచ్చిపోయే బరువుకు ఇవి నిజంగా మంచివి. వారాంతంలో నీళ్ళ క్యాన్లు, సామాన్లు, ట్రెయిలర్, మిగతా రోజుల్లో ఖాళీ బండి. అలాంటప్పుడు వెనక కాయిల్ స్ప్రింగుల్లో బ్యాగులు పెట్టి, లోడ్‌ను బట్టి గాలి పెంచి తగ్గించుకోవచ్చు. కుడి ఎడమలకు వేర్వేరు గొట్టాలు వేయించండి. ఒకే గొట్టమైతే మలుపులో ఒక వైపు గాలి రెండో వైపుకు పోయి బండి ఇంకా ఒరుగుతుంది. వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు) ఉన్న పికప్‌లలో మాత్రం జాగ్రత్త. కమాన్ కట్ట బరువును రెండు కొసల దగ్గర ఛాసిస్‌కు పంచుతుంది, మధ్యలో పెట్టిన బ్యాగ్ ఒకే చోట తోస్తుంది. యాక్సిల్ వెనక భారీ లోడ్ వేలాడుతూ ఉంటే ఛాసిస్ వంగే ప్రమాదం ఉంది.

ఇక ఎత్తు విషయం. దాదాపు 50 మిల్లీమీటర్లు, అంటే 2 అంగుళాల దగ్గర ఆగిపోతే చాలా బండ్లలో పెద్ద మార్పులు అవసరం రావు. అది దాటితే కాస్టర్ (ముందు చక్రాల స్టీరింగ్ ఇరుసు వాలు) కోణం సరిచేయడం, బ్రేక్ గొట్టాల పొడవు, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం అంటూ పని పెరుగుతూ పోతుంది, బండి గరిమనాభి పైకి లేస్తుంది. రూఫ్ టెంట్ ఉన్న బండికి ఇది చిన్న విషయం కాదు. సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు) ఉన్న బండిలో డిఫరెన్షియల్ కింద ఖాళీ ఎంత లిఫ్ట్ వేసినా పెరగదు, పెద్ద టైర్లతోనే పెరుగుతుంది. గట్టి స్ప్రింగులు వేసినంత మాత్రాన బండికి కంపెనీ పెట్టిన మొత్తం బరువు పరిమితి కూడా మారదు. బ్రేకులు, యాక్సిల్, ఛాసిస్ అన్నీ పాతవే కదా.

నా ఓటు స్పష్టంగా గట్టి స్ప్రింగులకూ షాక్స్‌కూ కలిపి. వెనక లోడ్ మారుతూ ఉండే కాయిల్ స్ప్రింగ్ బండి అయితే వాటికి తోడుగా ఎయిర్ బ్యాగులు. బిగించాల్సిన సామాన్లన్నీ మొదట బిగించి, ట్యాంక్ నింపి, వేబ్రిడ్జి మీద ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూచండి. ఆ అంకెలు చేతిలో పెట్టుకునే స్ప్రింగులు ఆర్డర్ చేయండి. హబ్ మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా నాలుగు చక్రాల దగ్గరా కొలిచి రాసుకోండి. బిగించాక వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల కోణం సరిచేయించండి. కొత్త స్ప్రింగులు కొద్దిగా సర్దుకుంటాయి కాబట్టి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ కొలిచి, బోల్టులన్నీ ఇంకోసారి బిగించుకోండి.