నర్సరీ జాగాలో గుంటలా, ప్లాటా, ఫ్లాటా: ఏది మేలు?

ఘట్‌కేసర్ దాటాక వరంగల్ హైవే పక్కన ఏళ్లుగా చూస్తున్న నర్సరీ ఒకటి ఈ మధ్య ఖాళీ అయింది. కడియం నుంచి లారీల్లో దిగే మామిడి, గులాబీ మొక్కలు లేవు. గ్రీన్ నెట్ కట్టిన ఇనుప పైపులు మాత్రం అక్కడక్కడా నిలబడి ఉన్నాయి. గేటుకు పెద్ద బ్యానర్. "బావా, అన్నీ అప్రూవ్డ్ అంట, ఓసారి చూసొద్దాం" అంటూ మా బావమరిది తీసుకెళ్లాడు.

అక్కడ అమ్ముతున్నవి మూడు రకాలు. వెనక భాగం గుంటల లెక్కన ఫామ్ ప్లాట్లు, మధ్యలో ఇళ్ల ప్లాట్లు, హైవే వైపు అపార్ట్‌మెంట్. మూడింటికీ 'అప్రూవ్డ్' అన్న మాట ఒక్కటే. ఆ మాటకు మూడు చోట్లా మూడు అర్థాలు.

గుంటలు చవక. 5 గుంటలంటే 605 గజాలు, అదే డబ్బుకు మధ్యలో అయితే 200 గజాలు కూడా రావు. పట్టాదార్ పాస్‌బుక్ చేతికొస్తుంది, మామిడి చెట్లు ఊరికే వస్తాయి. మా వాడికి ఆశ పుట్టింది. "ఇన్నేళ్లు ఇక్కడ వ్యాపారం నడిచింది కదా బావా, ఇది పొలం ఎలా అవుతుంది?" అన్నాడు. మొక్కలు పెంచి అమ్మినా చట్టం లెక్కలో అది వ్యవసాయమే. ఇల్లు కట్టాలంటే ముందు నాలా మార్పిడి కావాలి, అంటే సాగు భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించుకోవాలి. చాలామంది అక్కడితో పని అయిపోయిందనుకుంటారు. నాలా అయితే భూమి పొలం కాకుండా పోతుంది, అంతే. అనుమతి ఉన్న ఇళ్ల లేఅవుట్ అయిపోదు. పోనీ తర్వాత ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించే స్కీము) కింద ఫీజు కట్టి రెగ్యులరైజ్ చేయించుకుందామంటే, ఆ స్కీముకు కటాఫ్ 2020 ఆగస్టు 26. నిన్నమొన్న గీతలు గీసిన జాగా అందులోకి రాదు. దారి సంగతి కూడా చూడండి: ఆ గుంటలకు వెళ్లే మట్టిబాట ఇంకా అమ్మేవాడి పేరు మీదే ఉంది. వారాంతంలో చెట్ల కింద కూర్చోవడానికైతే సరే, ఇల్లు కట్టుకోవడానికి నేను వద్దంటాను.

మధ్యలో ప్లాట్ల దగ్గర ఎక్కువసేపు ఆగాం. ఇక్కడ లేఅవుట్ నిజంగానే అనుమతి కోసం హెచ్‌ఎండీఏకు (హైదరాబాద్ మెట్రోపాలిటన్ డెవలప్‌మెంట్ అథారిటీ) వెళ్లింది. ఎకరానికి 4,840 గజాలు. పార్కులాంటి ఖాళీ స్థలానికే 10 శాతం, అంటే 484 గజాలు వదలాలి. రోడ్లు కూడా తీసేస్తే అమ్ముకోవడానికి మిగిలేది సగం పైచిలుకు. గజం ధర ఎందుకెక్కువో దీన్నిబట్టే అర్థమవుతుంది, మనం కొనేది రోడ్డుతో పార్కుతో కలిపి. అయితే వాళ్లు చూపించింది టెంటేటివ్ అనుమతి, ఫైనల్ కాదు. టెంటేటివ్ వచ్చాక డెవలపర్ రోడ్లు, డ్రైనేజీ, నీళ్లు, కరెంటు పూర్తి చేయాలి. అప్పటిదాకా ప్లాట్లలో 15 శాతం విస్తీర్ణం హెచ్‌ఎండీఏ దగ్గర మార్ట్‌గేజ్‌లో (తాకట్టులో) ఉంటుంది. పనులు చూసి ఫైనల్ ఇచ్చాకే అవి విడుదలవుతాయి.

లామినేషన్ చేసిన మ్యాపు టేబుల్ మీద పరిచారు. కొన్ని నంబర్ల మీద అడ్డగీతలున్నాయి, అవే మార్ట్‌గేజ్‌లో ఉన్న ప్లాట్లు. "ఈ కార్నర్ బిట్ మీకోసమే ఆపాను సార్" అని సేల్స్ కుర్రాడు వేలు పెట్టిన ప్లాటు మీద కూడా అవే గీతలు! అడిగితే "అవి ఫార్మాలిటీ సార్" అన్నాడు.

ఇంకో సంగతి కాగితాల్లో కనపడదు. నీళ్ల పైపు కోసం తవ్విన గుంత అంచున చూస్తే మోకాలి లోతు దాకా పోసిన ఎర్రమట్టి, ఎరువు, మధ్యమధ్యలో మొక్కల నల్ల పాలిథీన్ సంచులు. గట్టి నేల ఆ కిందెక్కడో ఉంది. ఇలాంటి చోట పునాది లోతు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది. గుంత తీయించి చూడకుండా నర్సరీ జాగా కొనకూడదని నాకు ఆ రోజే తెలిసింది.

ఇక ఫ్లాటు. అపార్ట్‌మెంటుకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన స్థలానికీ, 8 దాటిన ఫ్లాట్లకూ ఆ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొన్నవాళ్ల డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో పెట్టాలి, కట్టడంలో లోపం బయటపడితే 5 ఏళ్ల దాకా బిల్డరే బాగు చేయాలి. లోన్ టెన్షన్ తక్కువ. చేతికొచ్చే భూమి మాత్రం నాలుగు మూరల అన్‌డివైడెడ్ షేర్, అంటే అందరికీ ఉమ్మడిగా ఉన్న స్థలంలో వాటా. ఉద్యోగానికి దగ్గర్లో వెంటనే కాపురం పెట్టాలనుకునేవాళ్లకు ఇదే మేలు.

మా వాడికి ఆ తొందర లేదు, సొంతంగా కట్టుకోవాలని కోరిక. అందుకే ప్లాటే కొనమన్నాను, అదీ ఫైనల్ లేఅవుట్ వచ్చాక, అడ్డగీతలు లేని నంబరే. అలాంటి ప్లాటు 500 చదరపు మీటర్ల లోపైతే, భవన అనుమతుల కోసం 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 10 మీటర్ల ఎత్తు దాకా ఇంటికి సొంత ధ్రువీకరణ మీదే అనుమతి ఇస్తారు. ఆఫీసుల చుట్టూ తిరిగే పని ఉండదు.

ఫైనల్ కాపీ రాగానే ఫోన్ చేయమని నంబరిచ్చి వచ్చాం. మూడు నెలలైంది. వారానికోసారి ఆ కుర్రాడి ఫోన్ వస్తోంది, "కార్నర్ బిట్ ఇంకా ఉంది సార్" అని. కాపీ సంగతి ఎత్తితే మాత్రం లైన్ సరిగా వినపడదంటాడు.