నాగావళి ఒడ్డున కట్టి, తీర్థన్‌లో వేసిన పెద్ద నింఫ్: నాలుగు సీజన్ల తర్వాత

మా రాయగడలో ట్రౌట్ దొరకదు, నాగావళి నీళ్ళు దానికి వేడి. అందుకే ఏటా మార్చి నెలాఖర్లో హిమాచల్‌లోని తీర్థన్ నదికి వెళ్తాను. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ ట్రౌట్ వేట బంద్. నాలుగు సీజన్లుగా నేను ఎక్కువగా వేస్తున్నది 6వ నంబరు పొడుగు కొక్కేనికి కట్టిన స్టోన్‌ఫ్లై నింఫ్. అంటే స్టోన్‌ఫ్లై అనే పురుగు నీళ్ళలో ఉండే పిల్ల దశను (నింఫ్) పోలేలా కట్టిన ఫ్లై, ఒక నకిలీ ఎర.

మొదటి ఏడాది కొన్నవాటికి రెండో రోజే రబ్బరు కాళ్ళు ఊడిపోయాయి. అప్పట్నుంచి నేనే కట్టుకుంటున్నాను. కొక్కెం కాడకి అటూ ఇటూ సీసం తీగ పెట్టి దారంతో బిగిస్తే ఒళ్ళు బల్లపరుపుగా వస్తుంది. అసలు పురుగూ అంతే. గుషైనీ దగ్గర ఒక రాయి తిరగేస్తే కనిపించింది: పలచటి ఒళ్ళు, రెండు తోకలు, ఆరు కాళ్ళూ చాపి రాతిని కరుచుకుని ఉంది. వేలు పెడితే వేలినీ అలాగే పట్టుకుంది. వీటిలో పెద్ద జాతులు రెండు మూడేళ్ళు నీళ్ళలోనే పెరుగుతాయి. కాబట్టి ట్రౌట్‌కి ఇది ఏడాది పొడుగునా తెలిసిన తిండి.

నన్ను ఇబ్బంది పెట్టింది చిన్నప్పటి అలవాటు. ఎర్ర గుచ్చి, బెండు మునిగేదాకా కూర్చునే చేతులు ఇవి. ఇక్కడ బెండు మునగదు, నీటితో పాటు పోతూ పోతూ ఒక్క క్షణం ఆగుతుంది. రాయి తగిలిందేమో అనుకుని వదిలేసిన ప్రతిసారీ చేప పోయింది. ఇప్పుడు ఆగితే చాలు, గాలం ఎత్తేస్తాను. దారం బిగిసి ఫ్లై ప్రవాహానికి అడ్డంగా లాగబడితే మాత్రం ట్రౌట్ దగ్గరికి కూడా రాదు. నింఫ్ అడుగు రాళ్ళను తాకుతూ దొర్లాలి. దానికి తగ్గ బరువు ఎంతో ఇంటి దగ్గర, నాగావళిలోని హాతి పథర్ రాళ్ళ సందుల్లో వేసి చూసుకుంటాను.

నష్టం కూడా అక్కడే. అడుగున దొర్లేది రాళ్ళలో ఇరుక్కుంటుంది. డజను తీసుకెళ్తే నాలుగైదు తిరిగొస్తాయి. బరువుకి విసరడం కష్టం, సాయంత్రానికి భుజం లాగేస్తుంది. మంచు కరిగి నీరు కాస్త మసకగా ఉన్నప్పుడు దీనికి సాటి లేదు. అక్టోబరులో ఒకసారి వెళ్తే నీళ్ళు అద్దంలా ఉన్నాయి, ఇది పడగానే చేపలు చెదిరిపోయాయి. అప్పుడు 14వ నంబరు చిన్న నింఫే పనిచేసింది (నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది).

ఇంకో మాట. మా ఊరి మే ఎండకి రబ్బరు కాళ్ళు ఒకదానికొకటి అంటుకుపోతాయి. తడి ఆరకుండా మూత పెడితే కొక్కేలు తుప్పు పడతాయి. పూర్తిగా ఆరబెట్టి, డబ్బాను చల్లటి చోట పెట్టండి. కొక్కెం మొన దగ్గరి వెనకముల్లును పటకారుతో నొక్కేయండి, చేపకి గాయం కాకుండా వదిలేయొచ్చు.