శని, ఆదివారాల కార్ డీటెయిలింగ్: రేట్లు, గిరాకీ మీద మూడేళ్ల తర్వాత నా సమీక్ష

హైదరాబాద్ మాదాపూర్‌లో ఉద్యోగం, శని ఆదివారాల్లో కార్ డీటెయిలింగ్, అంటే కారు లోపలా బయటా మూలమూలా శుభ్రం చేసి మెరిపించే పని. ఇలా మూడేళ్లు దాటింది. షాపు లేదు, పనివాళ్లు లేరు. పాత వ్యాగనార్ డిక్కీలో వ్యాక్యూమ్, చిన్న ప్రెషర్ వాషర్, డీఏ పాలిషర్ (పాలిష్ పట్టే మెషిన్), బకెట్లు, మైక్రోఫైబర్ గుడ్డలు వేసుకుని మియాపూర్, చందానగర్, నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు అపార్ట్‌మెంట్లకు వెళ్తాను. ఏ షాంపూ మంచిది, ఏ పాలిష్ బాగా మెరుస్తుంది అని చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. రేటు ఎలా కట్టాలి, గిరాకీ ఎక్కడ దొరుకుతుంది అన్నది మాత్రం ఎవరికి వాళ్లు చేతులు కాల్చుకుని నేర్చుకుంటున్నారు. నేను వాడి చూసిన పద్ధతుల్లో ఏది నిలబడింది, ఏది శనివారాన్ని మింగేసింది అన్నదే ఇక్కడ రాస్తున్నా.

పక్క ఆదాయంగా అయితే ఐదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఉద్యోగం మానేసి దిగుదామనుకునేవాళ్లకు ఈ లెక్కలు పనికిరావు. షాపు అద్దె, కుర్రాళ్ల జీతాలు వచ్చి చేరాక అది వేరే వ్యాపారం.

మన దగ్గర అమ్మడానికి ఉన్న సరుకల్లా శనివారం మొత్తం, ఆదివారం పొద్దున. అంతే. స్విఫ్ట్ లాంటి చిన్న కారు లోపలా బయటా చేయడానికి మూడు గంటలు పడుతుంది. పిల్లలున్న ఇంటి ఇన్నోవా అయితే ఐదు గంటలు. అంటే శనివారం రెండు కార్లు, ఆదివారం ఒకటి. దీన్ని పక్కన పెట్టి వేసే రేటు ఏదైనా గాలిలో మేడే.

అందరూ మొదట చేసేది వీధి చివర వాటర్ సర్వీసింగ్ సెంటర్ రేటు చూసి దానికి అటూ ఇటూగా పెట్టడం. అక్కడ ఐదు వందలు అంటే మనం ఆరు వందలు. నా మార్కు సున్నా. వాళ్లకు ర్యాంపు ఉంది, బోరు ఉంది, కారు వాళ్ల దగ్గరికే వస్తుంది. మనం కారు దగ్గరికి వెళ్లాలి. ఐదు వందల ఫోమ్ వాష్ లెక్క చూడండి. షాంపూ, గుడ్డలు, పెట్రోలు కలిపి నూట యాభై పోతే మిగిలేది మూడు వందల యాభై. పని గంటంపావు. దానికి ప్రయాణం, సామాను దించి సర్దడం, ముందు రోజు ఫోన్‌లో మాట్లాడటం మరో గంట. గంటకు నూట యాభై చిల్లర.

అదే చిన్న కారు పూర్తి పని 1,800 అనుకోండి. ఖర్చు 250 తీసేస్తే 1,550. మూడు గంటల పని, పైన ఆ గంట మామూలే. గంటకు 387 పడుతుంది. ప్రయాణం, సర్దుడు ఏ పనికైనా ఒకటే కాబట్టి చిన్న పనులు మనల్ని తినేస్తాయి. అందుకే ఒట్టి వాష్ కోసం ఎక్కడికీ వెళ్లను.

రెండో పద్ధతి చిన్న కారు, సెడాన్, ఎస్‌యూవీ అని మూడు గళ్ల పట్టిక. అడిగిన వెంటనే చెప్పేయొచ్చు, అది దాని సుఖం. కానీ పని పెంచేది కారు సైజు కాదు, దాని స్థితి. రిటైరైన పెద్దాయన డిజైర్ ఒకటి చేస్తాను. సీట్లకు కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవర్ కొంత ఇప్పటికీ ఉంది, మ్యాట్ కింద ఇంకో మ్యాట్. రెండు గంటల్లో అయిపోతుంది. అదే కాంప్లెక్స్‌లో ఒక ఎస్‌యూవీ ఉంది. వెనక సీటు కింద పట్టాల్లో బిస్కెట్ పొడి గ్రీజుతో కలిసి గట్టిపడి ఉంటుంది. చైల్డ్ సీటు ఎత్తితే కింద పాలు ఒలికి ఆరిన మరక, కిటికీ స్విచ్చుల సందుల్లో చాక్లెట్. వ్యాక్యూమ్ ఏమీ చేయలేదు, సన్న బ్రష్‌తో గీకి, క్లీనర్ చల్లి, గుడ్డతో ఎత్తాలి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి క్లిప్ పెట్టి కడిగితే గానీ ఆ పాల వాసన పోదు. ఈ రెండు కార్లకూ సైజు తేడా ఒక్కటే చూసి రేటు కడితే నష్టపోయేది మనమే.

ఇప్పుడు వాడుతున్నది ఫోటోల పద్ధతి. నాలుగు ఫోటోలు అడుగుతా: డ్రైవర్ కాళ్ల దగ్గర మ్యాట్ తీసి ఒకటి, వెనక సీటులో వీపు ఆనించే భాగం, కూర్చునే భాగం కలిసే సందు, డిక్కీ, ఎండలో బానెట్. వాటిని చూసి ఎన్ని గంటలో అంచనా వేసుకుని ఒకే అంకె చెప్తా. గంట రేటు మాత్రం గిరాకీకి చెప్పను. గంటకు ఇంత అనగానే పక్కన కుర్చీ వేసుకుని వాచీ చూసేవాళ్లు ఉంటారు. నా అంకెలు ప్రస్తుతం చిన్న కారుకు 1,800 నుంచి, ఎస్‌యూవీకి 2,800 నుంచి. కుక్క వెంట్రుకలు, వాంతి, పాల వాసన ఉంటే అదనం, అది ముందే చెప్తా. ఫోటోలు పంపడానికి బద్ధకించేవాళ్లు ఎలాగూ చివరి నిమిషంలో రద్దు చేసేవాళ్లే, కాబట్టి జల్లెడ కూడా పట్టినట్టవుతుంది. దీనికి ఐదుకు నాలుగున్నర.

బేరం సంగతి. మనవాళ్లు బేరమాడకుండా కొనరు, అందులో తప్పేమీ లేదు. నేను రేటు తగ్గించను, పని తగ్గిస్తా.

"కొంచెం చూసి చెప్పు బాబూ, మాది పాత కారే కదా."

"సీట్ల షాంపూ తీసేద్దాం అంకుల్, ఆరు వందలు తగ్గుతుంది."

"అబ్బే, అసలు సీట్ల కోసమే కదా పిలిచింది."

అక్కడితో బేరం అయిపోతుంది. "ముందు ముందు చాలా కార్లు ఇప్పిస్తా" అనే మాటకు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గను. అదే రోజు, అదే సెల్లార్‌లో ఇంకో కారు ఇప్పిస్తే ఇద్దరికీ చెరో రెండు వందలు తగ్గిస్తా, అదీ సంతోషంగా. రెండు చిన్న కార్లకు 3,200 వస్తుంది, ఖర్చు నాలుగు వందలు, మొత్తం ఏడు గంటలు. గంటకు నాలుగు వందలు. తగ్గించాక కూడా ఒక్క కారు కంటే ఎక్కువే. ఈ లెక్క అర్థమైన రోజు నుంచి నేను గిరాకీ కోసం ఊరంతా తిరగడం మానేశాను.

బావమరుదుల రేటు వేరే ఉంటుంది. దాని గురించి రాయకపోవడమే మంచిది.

గిరాకీ దారుల్లో ముందు మార్కు ఎవరూ ఊహించని మనిషికి ఇస్తాను: పొద్దున్నే బకెట్ పట్టుకుని కార్లు తుడిచే కుర్రాడు. చాలామంది డీటెయిలర్లు ఇతన్ని పోటీ అనుకుంటారు, దుమ్ము గుడ్డతో తుడిచి సాలెగూడు గీతలు తెస్తాడని తిడతారు. గీతలు నిజమే, నల్ల కారు మీద ఎండలో స్పష్టంగా కనపడతాయి. కానీ ఏ ఫ్లాట్ వాళ్ల కారు అమ్మకానికి పెట్టారో, ఎవరి కారులో ఎలుక దూరిందో, ఎవరు ఊరి నుంచి బురదతో వచ్చారో అతనికే తెలుసు. అతను పంపిన ప్రతి కారుకూ రెండు వందలు ఇస్తా. మంచి గుడ్డలు కొన్ని ఇచ్చి, ముందు తడిపి దుమ్ము వదిలాకే తుడవమని చూపించా. నెల తిరిగేసరికి నా పనీ తేలికైంది. వాచ్‌మన్ అన్న కూడా ముఖ్యుడే. నీళ్ల పాయింట్ ఎక్కడ, ఏ పూట ఖాళీ అన్నది ఆయన చేతిలో ఉంటుంది.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్ రెండోది. మనం వెళ్లి ప్రకటన పెడితే అసోసియేషన్ వాళ్లు తీసేస్తారు. అక్కడ ఉండేవాళ్లే ఒక ఫోటో పెడితే ఆ సాయంత్రమే ఫోన్లు వస్తాయి. నేను సీటు సగం శుభ్రం చేసి ఆపి ఓనర్‌ని పిలిచి చూపిస్తా. ఆ గీతకు అటూ ఇటూ రంగు తేడా చూసి వాళ్లే ఫోన్ తీస్తారు. గ్రూప్‌లో పెట్టమని అడగాల్సిన పని ఉండదు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ నిదానమైన గుర్రం. షాపు లేకపోయినా ఫర్వాలేదు, చిరునామా దాచి సేవలందించే ప్రాంతాలు మాత్రం పెట్టుకోవచ్చు. మొదటి కొన్ని నెలలు ఏమీ రాలేదు, రివ్యూలు పడ్డాక వారానికి కొన్ని ఫోన్లు తప్పకుండా వస్తున్నాయి. డిస్కౌంట్ ఇచ్చి రివ్యూ రాయించుకోవడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ఆ దారి పట్టకండి. చిక్కల్లా ఉప్పల్ నుంచి, ఎల్బీనగర్ నుంచి కూడా ఫోన్ చేస్తారు. వెళ్లి రావడానికే సగం పూట పోతుంది. వాళ్లకు మర్యాదగా లేదని చెప్పడం అలవాటు చేసుకోవాలి.

ఇంటికొచ్చి సేవలు చేసే ఒక యాప్‌లో కూడా కొంతకాలం ఉన్నా. కమీషన్ వాళ్లది, రేటు వాళ్లది, గిరాకీ కూడా వాళ్లదే. మళ్లీ పిలవాలనుకున్న గిరాకీకి నా నంబరు ఇవ్వకూడదట. చేతులెత్తేశా. పేపర్‌లో పెట్టే పాంప్లెట్లు దండగ. ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కి రాజమండ్రి నుంచి, కరీంనగర్ నుంచి లైకులు వచ్చాయి, కార్లు రాలేదు. సెకండ్ హ్యాండ్ కార్ల డీలర్లు ఒకేసారి ఎక్కువ కార్లు ఇస్తారు గానీ, సగం రేటు, అదీ ఉద్దెర. సొంతంగా కారు అమ్ముకునేవాళ్లు మాత్రం మంచి గిరాకీ. ఫోటోలు తీసే ముందు రోజు పిలుస్తారు, బేరం తక్కువ.

సీజన్ తెలిసి ఉంటే రేట్లకూ కాస్త దారి దొరుకుతుంది. దసరాకు ముందు వారం ఊపిరి ఆడదు. ఆయుధ పూజ అయ్యాక ఇంకో రకం పని వస్తుంది. తెల్ల కారు బానెట్ మీద తడి కుంకుమ ఆరిపోయి గులాబీ మచ్చ పడుతుంది. పసుపు మరక నాలుగు రోజులు ఎండలో ఉంటే చాలావరకు తనంతట తనే వెలిసిపోతుంది, దానికి డబ్బులు తీసుకోను, ఎండలో పెట్టమని చెప్తా. కుంకుమలో వేసే రంగు అలా పోదు, కొన్నిసార్లు పాలిష్ పట్టాల్సి వస్తుంది, దానికి తీసుకుంటా. సంక్రాంతికి వెళ్లేముందు ఎవరూ పిలవరు, తిరిగొచ్చాక అందరూ పిలుస్తారు. వానాకాలంలో బయట పని దాదాపు సున్నా. తడిసిన మ్యాట్లు, ముక్కిన వాసన, ఏసీ వేస్తే కంపు, వీటికి లోపలి పని మాత్రమే చేసే ప్యాకేజీ పెట్టాక ఆ నెలలు గడుస్తున్నాయి.

నీళ్ల విషయం రేటులో కలిపి చూసుకోవాలి. చాలా సెల్లార్లలో పైపు పెట్టనివ్వరు. బెంగళూరులో 2024 మార్చిలో తాగునీటితో కార్లు కడిగితే ఐదు వేలు జరిమానా అన్నారు, అప్పటి నుంచి ఇక్కడి అసోసియేషన్లు కూడా మరింత గట్టిగా ఉన్నాయి. ఒక బకెట్‌తో చేసే రిన్స్‌లెస్ వాష్ (తుడిచాక మళ్లీ నీళ్లతో కడగక్కర్లేనిది) మామూలు దుమ్ముకు చక్కగా సరిపోతుంది. బురద కారుకు మాత్రం వాడకూడదు, ఇసుక రాపిడికి గీతలు పడతాయి. అలాంటి కారు ముందు సర్వీసింగ్ సెంటర్‌లో నీళ్లు కొట్టించుకుని రమ్మంటా. బోరు నీళ్లయితే ఎండలో చుక్క ఆరకముందే తుడవాలి, లేదంటే సున్నపు మచ్చలు తీయడం ఇంకో పని.

సిరామిక్ కోటింగ్, అంటే పెయింట్ మీద వేసే గట్టి రక్షణ పొర, నేను చేయను. అడిగేవాళ్లు చాలామంది, డబ్బులు కూడా బాగానే ఉంటాయి. కానీ దుమ్ము లేని చోటు కావాలి, వేశాక కనీసం ఒక రోజైనా నీళ్లు తగలకూడదు, మన సెల్లార్లలో రెండూ కుదరవు. 9హెచ్ అని ప్రచారం చేసేది పెన్సిల్ గట్టిదనపు కొలత, రాయి గీసినా గీత పడదని కాదు. ఇది చెప్పినందుకు పోయిన గిరాకీ కంటే నమ్మి ఉండిపోయిన గిరాకీ ఎక్కువ. పాలిష్ కూడా ఏటా పట్టమంటే పట్టను. రంగు పైన ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోటు, సుమారు నలభై, యాభై మైక్రాన్లు, పట్టిన ప్రతిసారీ కొంత అరుగుతుంది.

నిలకడగా డబ్బులు తెచ్చేది నెలవారీ ప్లాన్. ఒకసారి పూర్తి పని చేయించుకున్న కారుకు నెలకోసారి తొమ్మిది వందలు. కారు ముందే శుభ్రంగా ఉంటుంది కాబట్టి గంటంపావులో అయిపోతుంది. ఒకే సెల్లార్‌లో మూడు కార్లుంటే ఆదివారం పొద్దున దర్జాగా గడుస్తుంది. కొత్త గిరాకీ దగ్గర బుకింగ్‌కి మూడు వందలు యూపీఐలో ముందే తీసుకుంటా. తలుపు దగ్గరికి వెళ్లాక "సార్ ఊరెళ్లారు" అనే మాట దాదాపు వినపడటం లేదు.

కాగితాల సంగతి రెండు ముక్కల్లో. సేవలకు ఏడాదికి 20 లక్షల టర్నోవర్ దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పార్ట్‌టైమ్‌లో ఆ ఛాయలకు కూడా వెళ్లం. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో మాత్రం జీతంతో పాటు వ్యాపార ఆదాయంగా చూపించండి. ఆఫర్ లెటర్‌లో వేరే పని చేయకూడదన్న షరతు ఉందేమో చూసుకోండి. 2022లో విప్రో మూడు వందల మందిని తీసేసిన సంగతి ఐటీలో ఉన్న ఎవరూ మరిచిపోలేదు. అది పోటీ కంపెనీలకు పనిచేసిన కేసు, మనది వేరు, అయినా టెన్షన్ దేనికి.

పని మొదలుపెట్టే ముందు ఓనర్ ఎదుటే కారు చుట్టూ తిరిగి ఒక వీడియో తీయండి. బంపర్ కింద అంచులు, డోర్ హ్యాండిల్ వెనక, చక్రాల రిమ్ములు దగ్గరగా. ఒకాయన పని అయిపోయాక ఎడమ డోరు మీద గీత నేనే వేశానని గట్టిగా అన్నారు. వీడియో చూపించగానే ఫోన్ తిరిగి ఇచ్చి డబ్బులు పంపించారు. ఆ తర్వాత కూడా పిలుస్తున్నారు, అదొక విచిత్రం.

వచ్చే నెల నుంచి ఎస్‌యూవీ రేటు 3,200 చేస్తున్నా. ఐదు గంటల పనికి 2,800 తక్కువని ఎప్పటి నుంచో అనిపిస్తోంది. పాత గిరాకీకి దసరా దాకా పాత రేటే అని మెసేజ్ పెట్టా. ఒకరిద్దరు ఎందుకని అడిగారు, మిగతావాళ్లు దసరాలోపు తేదీలు బుక్ చేసుకున్నారు.