రెజొనేటర్ లేని చేతి తయారీ బాంజో: కొన్నేళ్లు వాయించాక

ఈ బాంజోలో హంగులేమీ లేవు. 12 అంగుళాల మేపుల్ చెక్క రిమ్ (గుండ్రటి చట్రం), దాని మీద మృదంగం మూతలా బిగించే హెడ్, చుట్టూ దాన్ని లాగి పట్టే 16 హుక్కులు, ఒక మెడ, ఐదు తీగలు, అంతే. వెనుక శబ్దాన్ని ముందుకు మళ్లించే రెజొనేటర్ అనే మూత లేదు, లోపల హెడ్ ఆనే లోహపు వలయం (టోన్ రింగ్) లేదు, మెడ వంగకుండా లోపల ఉంచే ట్రస్ రాడ్ అనే లోహపు కడ్డీ కూడా లేదు. మెడకు అతికించిన చెక్క కర్ర ఒకటి రిమ్ లోపలి నుంచి అవతలి అంచు దాకా వెళ్తుంది. ఒక్కడే కూర్చుని పనిచేసుకునే తయారీదారు చేసిన వాద్యమిది. కొత్తలో దీని మోత నాకు పెద్దగా నచ్చలేదు. ఇప్పుడు మరో బాంజో కొనాలన్న ఆలోచనే లేదు. ఈ మధ్యలో మారినదల్లా సెట్టింగే, వాద్యం అదే.

ముందు హెడ్ సంగతి. చేతికి వచ్చినప్పుడు అది బాగా వదులుగా ఉంది. తీగలను హెడ్ మీద మోసే చెక్క ముక్క (బ్రిడ్జ్) కింద గుంట పడినట్టు కంటికే కనిపించేది, శబ్దం మందంగా వచ్చేది. రెంచ్ పట్టుకుని ఒక పక్కనుంచి వరుసగా బిగించుకుంటూ పోతే హెడ్ అంచును నొక్కి పట్టే చుట్టు (టెన్షన్ హూప్) ఒరిగిపోతుంది. ఒక హుక్కు నట్‌ని అరపావు చుట్టు తిప్పాక దానికి సరిగ్గా ఎదురుగా ఉన్నదాన్ని అంతే తిప్పాలి, ఆ తర్వాత పక్క జత. ఒక రౌండ్ అయ్యాక మృదంగం మూత చుట్టూ తట్టి చూసినట్టే, ప్రతి హుక్కు దగ్గరా అంచుకు అంగుళం లోపలగా వేలితో తట్టి వినాలి. ఎక్కడ స్వరం కిందికి ఉంటే అక్కడ ఇంకాస్త బిగింపు కావాలి. వినేటప్పుడు తీగల మీద గుడ్డ కప్పడం మంచిది, లేదంటే వాటి మోగుడులో హెడ్ స్వరం కలిసిపోతుంది.

ఎంత బిగించాలన్నది వాయించే తీరును బట్టి ఉంటుంది. 11 అంగుళాల హెడ్‌ను చాలామంది జి స్వరం దగ్గరికి తెస్తారు. నాది 12 అంగుళాలది, పైగా నేను వాయించేది క్లాహామర్: గోటి వెనుక వైపుతో తీగను కిందికి కొట్టి, బొటనవేలితో ఐదో తీగను మీటే పద్ధతి. దీనికి ఎఫ్ చుట్టుపక్కల ఉంచితే నాకు హాయిగా ఉంది. ఇంకా బిగిస్తే చప్పుడు పెరుగుతుంది, కానీ కింది స్వరాల్లో గుండ్రదనం పోతుంది. ఇంకో విషయం: హెడ్ బిగిసినకొద్దీ బ్రిడ్జ్ పైకి లేస్తుంది, దాంతో తీగలు మెట్లకు దూరమవుతాయి. అందుకే హెడ్ కుదిరేదాకా మిగతా సర్దుబాట్ల జోలికి పోవడం వృథా శ్రమ.

మధ్యలో కొంతకాలం దూడ తోలు హెడ్ కూడా వేసి చూశాను. దాని స్వరంలోని మెత్తదనం ప్లాస్టిక్‌కి రాదు, ఒప్పుకోవాల్సిందే. కానీ ముసురు పట్టిందంటే తోలు జారిపోయి తీగలు మెట్లకు తగిలి జిర్రుమనేవి, గాలి పొడిగా ఉంటే బిగుసుకుపోయి అన్నీ పైకి లేచేవి. వాయించడం కన్నా వాతావరణం చూసుకోవడమే ఎక్కువైంది. 1950ల చివర్లో మైలార్ అనే ప్లాస్టిక్ హెడ్‌లు వచ్చాక అంతమంది తోలును ఎందుకు వదిలేశారో అప్పుడు తెలిసింది. ఇప్పుడున్నది గరుకు పూత ఉన్న మైలార్ హెడ్, దాన్నే ఉంచేశాను.

ఇక బ్రిడ్జ్. దీన్ని ఎక్కడా అతికించరు, తీగల ఒత్తిడే దాన్ని పట్టి ఉంచుతుంది. తీగలన్నీ ఒకేసారి విప్పితే ఊడి కింద పడుతుంది కాబట్టి ఒక్కొక్కటిగానే మార్చాలి. మెడ పై కొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ నుంచి 12వ మెట్టుకు ఎంత దూరమో, 12వ మెట్టు నుంచి బ్రిడ్జ్‌కి సుమారుగా అంతే ఉండాలి. ఆ పైన చెవితో తేల్చుకోవడమే. 12వ మెట్టు మీద తీగను ఊరికే తాకి మీటితే వచ్చే స్వరం, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరం ఒకటి కావాలి. నొక్కినప్పుడు స్వరం హెచ్చితే బ్రిడ్జ్‌ని టెయిల్‌పీస్ (తీగల కింది కొసలు తగిలించే భాగం) వైపు, తగ్గితే మెడ వైపు వెంట్రుకవాసి జరపాలి. లావు తీగ ఉన్న వైపు బ్రిడ్జ్ కాస్త వెనక్కి ఒరిగి ఉండటం మామూలే. కుదిరాక హెడ్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను.

బాంజో శబ్దం నచ్చనివాళ్లు వేరే ఏ ఖర్చూ పెట్టకముందే బ్రిడ్జ్ మార్చి చూడాలని నా అభిప్రాయం. రెండు గ్రాముల చెక్క ముక్క ఇంత తేడా తెస్తుందంటే వినేదాకా నమ్మబుద్ధి కాదు. తేలికైనది పెడితే శబ్దం పదునుగా, గట్టిగా వస్తుంది, కాస్త బరువైనది ఆ పదునును అణుస్తుంది. నేను రెండో రకానికి మారాను. దాంతోపాటు హెడ్‌కీ లోపలి కర్రకీ మధ్య ఒక మెత్తటి గుడ్డ దోపితే, అనవసరంగా సాగే గింగురు చాలావరకు పోయింది.

12వ మెట్టు దగ్గర తీగ ఎత్తు నాకు మూడు మిల్లీమీటర్ల పైనే ఉంటుంది. గిటార్ నుంచి వచ్చినవాళ్లకు ఇది ఎక్కువనిపిస్తుంది కానీ, బొటనవేలు ఐదో తీగ కిందికి దూరాలంటే ఆ మాత్రం చోటు ఉండాలి. మొదట్లో ఇంకా ఎత్తుగా ఉండేది. మెడ రిమ్‌కి ఆనుకునే చోట, హెడ్‌కు దగ్గరగా ఉండే పై భాగంలో పలచని చెక్క రేకు పెడితే మెడ రవ్వంత వెనక్కి వాలి తీగలు దిగాయి. అదే రేకు కింది భాగంలో పెడితే ఫలితం తలకిందులవుతుంది. ట్రస్ రాడ్ లేని మెడ కాబట్టి సన్నని స్టీలు తీగలే వాడుతున్నాను. నైలాన్ తీగలు కూడా బాగుంటాయట గానీ, వాటి లావుకు మెడ కొసన ఉన్న గాళ్లు వెడల్పు చేయించాలి, అంత అవసరం నాకు కనిపించలేదు.

చిరాకులు లేకపోలేదు. హుక్కుల కొసలు ముంజేతికి గుచ్చుకుంటాయి, చేతిపట్టీ విడిగా కొని తగిలించాల్సి వచ్చింది. చెమట తగిలే చోట హుక్కులకు తుప్పు పడుతుంది. వెనుక తెరిచి ఉంటుంది కాబట్టి పొట్టకు ఆనించి పట్టుకుంటే శబ్దం సగం అక్కడే చచ్చిపోతుంది, కాస్త ఎడంగా పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. నలుగురు కలిసి హోరెత్తించే బ్లూగ్రాస్ అనే అమెరికన్ సంగీతానికి ఇది సరిపోదు, ఫిడేలు పక్కన గానీ, పాటకు తోడుగా గానీ అయితే కావలసినంత.

అన్నిటికన్నా విసిగించింది ఐదో తీగ. అది మెడ మధ్యలో, ఐదో మెట్టు దగ్గర మొదలవుతుంది. దాని బిరడా చెక్కది, రాపిడితోనే నిలవాలి. సుద్దపొడి రాసినా ఒక్కోసారి పాట మధ్యలో జారేది. చివరికి అక్కడ గేరు ఉన్న బిరడా వేయించాను. మిగతా నాలుగు తీగలను మెడ మీద నొక్కి పట్టి స్వరం పెంచే బిగింపు (కాపో) పెట్టినప్పుడు ఐదో తీగను ఎ స్వరానికి ఎత్తడానికి ఏడో మెట్టు దగ్గర ఒక చిన్న మేకు కూడా కొట్టించాను, బొమ్మ రైలు పట్టాలకు వాడే రకం. మిగతా నాలుగు చెక్క బిరడాలూ మొరాయించడం లేదు, వాటిని కదిలించలేదు.